వీపీఎన్ ఆన్‌లో ఉంటే డాకర్ బిల్డ్‌లో పిప్, ఎన్‌పీఎం డౌన్‌లోడ్లు వేలాడుతున్నాయి, హోస్ట్‌లో మాత్రం బాగానే వస్తున్నాయి

బ్రాడీపేట బ్యాకెండ్ (గుంటూరు)

నమస్తే అండీ. డాకర్ (అప్లికేషన్‌ని కంటైనర్ అనే విడి గదిలో పెట్టి నడిపే టూల్) నెట్‌వర్కింగ్ బాగా తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చదివి దారి చెప్పండి. పోస్టు పొడుగ్గానే ఉంటుంది. సగం వివరాలిచ్చి అడిగితే సగం జవాబులే వస్తాయని అన్నీ రాస్తున్నాను.

నేను గుంటూరులో ఇంటి నుంచే పనిచేస్తాను. కోల్డ్ స్టోరేజీల కోసం ఒక అప్లికేషన్ రాస్తున్నాం. రైతు మిర్చి టిక్కీలు (బస్తాలు) తెచ్చి పెట్టినప్పుడు లాట్ నంబరు, తూకం, ఏ ఛాంబర్లో ఎక్కడ పెట్టారు, బాండ్ ఎవరి పేరున ఇచ్చారు, దాని మీద బ్యాంకు లోను ఉందా లేదా, ఇదంతా అందులో ఉంటుంది. ఫిబ్రవరి దాటిందంటే యార్డుకి సరుకు పోటెత్తుతుంది, స్టోరేజీల గేట్ల ముందు లారీలు బారులు తీరతాయి. ఆలోగా కొత్త వెర్షన్ గుమాస్తాల చేతికి అందాలి. బాండ్ ప్రింట్ కాకపోతే రైతు రాత్రంతా ఆ లారీ దగ్గరే పడుకోవాలి. అందుకే ఇంత టెన్షన్.

నా సెటప్ ఇదీ: ఉబుంటు 22.04 ల్యాప్‌టాప్, డాకర్ వాళ్ళ సొంత రిపాజిటరీ నుంచి వేసిన ఇంజిన్, బిల్డ్‌కిట్ ఆన్. బ్యాకెండ్ ఇమేజ్ పైథాన్ 3.11 స్లిమ్ మీద, ఫ్రంటెండ్ నోడ్ 20 మీద. ఫ్రంటెండ్‌కి కావలసిన కొన్ని ప్యాకేజీలు క్లయింట్ లోపలి రిజిస్ట్రీలో మాత్రమే ఉంటాయి కాబట్టి వాళ్ళ వీపీఎన్ లేకుండా బిల్డ్ చేసే వీలు లేదు. ఆ వీపీఎన్ ఆన్ చేస్తే నా ట్రాఫిక్ మొత్తం దానిలోంచే పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. వీపీఎన్ ఆన్ చేసి డాకర్ బిల్డ్ కొడితే డాకర్‌ఫైల్లో (ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే ఫైల్లో) ఫ్రమ్ లైన్ దగ్గర ఏ ఇబ్బందీ లేదు, బేస్ ఇమేజ్ చకచకా దిగుతుంది. కమాండ్లు నడిపే రన్ లైన్లలోకి వచ్చాకే మొదలు. పైథాన్ ప్యాకేజీలు దింపే పిప్ ఇన్‌స్టాల్ మొదటి ప్యాకేజీ దగ్గరే "రీడ్ టైమ్‌డ్ అవుట్, రీడ్ టైమౌట్ 15" అని పసుపు రంగు హెచ్చరిక ఇస్తుంది. పక్కన రిట్రై టోటల్ 4, 3, 2 అని దిగుతూ దిగుతూ సున్నాకి వస్తుంది. చివర్లో మాత్రం "ఈ అవసరానికి సరిపోయే వెర్షన్ దొరకలేదు, ఫ్రమ్ వెర్షన్స్: నన్" అంటుంది. ఆ ఆఖరి లైన్ ఒక్కటే చూస్తే ప్యాకేజీయే లోకంలో లేదనిపిస్తుంది. నోడ్ ప్యాకేజీలు దింపే ఎన్‌పీఎం సీఐ అయితే ఏమీ అనదు, అలాగే ఉండిపోయి చాలాసేపటికి సాకెట్ టైమౌట్ అని చచ్చిపోతుంది. డెబియన్ ప్యాకేజీల ఆప్ట్‌గెట్ అప్‌డేట్ "వెయిటింగ్ ఫర్ హెడర్స్" దగ్గర నిలబడిపోతుంది. కొన్ని సైట్ల నుంచి మాత్రం ఆగి ఆగి ఏదో కొంత వస్తోంది.

కంటైనర్లోకి దూరి కర్ల్‌తో (వెబ్ అడ్రస్‌కి రిక్వెస్ట్ పంపే కమాండ్) వివరంగా చూశాను. పేరు ఐపీగా మారుతోంది, 443 పోర్టుకి కనెక్ట్ అయింది అని చెబుతోంది, టీఎల్ఎస్ క్లయింట్ హలో (భద్రమైన కనెక్షన్ మొదలుపెట్టే పలకరింపు) పంపాను అంటోంది. ఆ తర్వాత నిశ్శబ్దం. అవతలి నుంచి ఒక్క లైను రాదు.

అదే ల్యాప్‌టాప్, అదే వీపీఎన్, కంటైనర్ లేకుండా నేరుగా హోస్ట్ (అంటే ల్యాప్‌టాప్) మీద కొడితే పిప్, ఎన్‌పీఎం, కర్ల్ అన్నీ హాయిగా పనిచేస్తున్నాయి. వీపీఎన్ ఆపేసి కంటైనర్లో కొడితే పిప్, ఆప్ట్ కూడా బాగానే అవుతాయి. రెండూ కలిస్తేనే గొడవ.

పిప్ టైమౌట్ 100 పెట్టి చూశాను, ఆలస్యంగా ఫెయిలైంది, అంతే. మిర్రర్ మార్చాను, నో-క్యాష్ పెట్టాను, డాకర్ రీస్టార్ట్ చేశాను. ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా ఇదే తీరు, అంటే ఇంటి నెట్ లైను కారణం కాదు.

నాకు రెండు సంగతులు తెలియాలి. హోస్ట్‌కి, కంటైనర్‌కి మధ్య ఇక్కడ నిజంగా తేడా ఎక్కడ వస్తోంది? ఆ తేడాని డాకర్‌ఫైల్ ముట్టుకోకుండా ఎలా సరిచేయాలి? డాకర్‌ఫైల్ టీమ్ మొత్తానిది. నా ఒక్క ల్యాప్‌టాప్ కోసం అందులో ఏదీ ఇరికించను.

కానూరు కుర్రోడు (విజయవాడ)

అన్నా, డీఎన్ఎస్ (పేరుని ఐపీగా మార్చేది) ఒకసారి చూసుకున్నావా? మా కాలేజీ ల్యాబ్‌లో ఇలాగే బిల్డ్‌లు ఆగిపోయేవి. హోస్ట్‌లో రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్లో 127తో మొదలయ్యే లూప్‌బ్యాక్ అడ్రస్ ఒక్కటే ఉంటే అది కంటైనర్ లోపలికి పనికిరాదు కదా. అప్పుడు డాకర్ దాన్ని వదిలేసి 8.8.8.8, 8.8.4.4 వాడుతుంది. ల్యాబ్ ఫైర్‌వాల్ బయటి డీఎన్ఎస్‌ని బ్లాక్ చేసేది, దాంతో పేర్లు దొరికేవి కావు. డాకర్ సెట్టింగుల ఫైలైన డీమన్ జేసన్‌లో డీఎన్ఎస్ అనే కీ పెట్టి ల్యాబ్ సర్వర్ ఐపీ ఇస్తే సెట్ అయింది.

ఇంకోటి, అర్జెంటుగా పని కావాలంటే డాకర్ బిల్డ్‌కి --నెట్‌వర్క్=హోస్ట్ అని ఇచ్చి చూడన్నా. రన్ లైన్లు హోస్ట్ నెట్‌వర్క్‌నే వాడతాయి. కారణం తెలియకపోయినా ఈ రోజుకి బిల్డ్ బయటపడుతుంది.

గవర్నర్‌పేట నెట్‌వర్క్స్ (విజయవాడ)

బ్రాడీపేట గారూ, మీరు రాసిన తీరులోనే సగం జవాబుంది. కర్ల్ ఎక్కడ ఆగిందో చెప్పారు చూడండి, అలా చెప్పేవాళ్ళు అరుదు. మామూలుగా "నెట్ ఎర్రర్ వస్తోంది సార్" అనే అడుగుతారు.

తమ్ముడు కానూరు చెప్పిన డీఎన్ఎస్ కారణం మంచి కారణమే కానీ ఇక్కడిది కాదు. డీఎన్ఎస్ పోతే నోడ్ వైపు ఈఏఐ అగైన్ అంటుంది, డెబియన్ వైపు "టెంపరరీ ఫెయిల్యూర్ రిజాల్వింగ్" అంటుంది, కనెక్ట్ దాకా రానే రాదు. ప్రాక్సీ తప్పయితే చాలావరకు కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని అప్పటికప్పుడే మొహం మీద చెబుతుంది. సర్టిఫికెట్ గొడవైతే సెల్ఫ్ సైన్డ్ అని చెబుతుంది. కనెక్ట్ అయ్యి, చిన్న ప్యాకెట్లు అటూ ఇటూ తిరిగి, అవతలి వాడు పెద్దది పంపాల్సిన క్షణంలో నిశ్శబ్దం వచ్చిందంటే ముందు ఎంటీయూ (ఆ దారిలో పట్టే ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) చూడాలి. నేను కేబుల్ నెట్ కనెక్షన్లు చూసుకునే రోజుల నుంచీ ఈ నిశ్శబ్దాన్ని చూస్తున్నాను. పీపీపీఓఈ లైన్లలో 1500 బదులు 1492 ఉండేది. ఆ 8 బైట్ల తేడాకే కొన్ని సైట్లు తెరుచుకునేవి కావు, కొన్ని తెరుచుకునేవి. కస్టమర్లు ఆ సైటే పాడైందనుకునేవారు.

మీ దగ్గర జరుగుతున్నది ఇదని నా అంచనా. మీ వీపీఎన్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూ 1500 కంటే తక్కువ ఉంటుంది, ప్రతి ప్యాకెట్ మీద ఎన్‌క్రిప్షన్ హెడర్లు ఎక్కాలి కాబట్టి. ఉదాహరణకి వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెడుతుంది. హోస్ట్ మీద నడిచే ప్రోగ్రామ్‌కి ఈ సంగతి తెలుసు, ఎందుకంటే అది ఆ ఇంటర్‌ఫేస్ మీద నుంచే బయటికి పోతుంది. కనెక్షన్ పెట్టేటప్పుడే "నాకు ఇంతకంటే పెద్ద ముక్కలు పంపొద్దు" అని సిన్ ప్యాకెట్లో ఎంఎస్ఎస్ రాసి పంపుతుంది. ఐపీ హెడర్ 20, టీసీపీ హెడర్ 20, కలిపి 40 బైట్లు ఎంటీయూలోంచి తీసేస్తే మిగిలేదే ఎంఎస్ఎస్.

కంటైనర్‌కి అది తెలియదు. దానికి కనిపించేది డాకర్ బ్రిడ్జి (కంటైనర్లని హోస్ట్‌కి కలిపే వర్చువల్ నెట్‌వర్క్). ఆ బ్రిడ్జి ఎంటీయూ, మీరు చెప్పకపోతే, 1500. మీ వీపీఎన్ ఎంత పెట్టిందో డాకర్ చూసుకోదు. కాబట్టి కంటైనర్ "1460 దాకా పంపించు" అని అవతలికి రాస్తుంది. సర్వర్ తన సర్టిఫికెట్ గొలుసుని 1500 బైట్ల ప్యాకెట్లలో నింపి పంపుతుంది. అవి క్లయింట్ వాళ్ళ వీపీఎన్ గేట్‌వే దాకా వచ్చి, సొరంగంలో పట్టక అక్కడే పడిపోతాయి.

పడేసినప్పుడు గేట్‌వే ఒక కబురు పంపాలి. ఐసీఎంపీ (నెట్‌వర్క్ తంటాల కబుర్లు మోసే ప్రోటోకాల్) టైప్ 3, కోడ్ 4, "ముక్కలు చెయ్యాలి, నా దగ్గర ఇంతే పడుతుంది" అని. 1990లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణపత్రం ఆర్ఎఫ్‌సీ 1191 మొత్తం ఈ కబురు మీదే ఆధారపడి ఉంది. మధ్యలో ఎవరో ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ మొత్తం ప్రమాదమని మూసేస్తారు, కబురు చేరదు. గుంటూరులో మూడు వంతెనల కింద ఎత్తు లోడు లారీ పట్టక ఆగిపోయిందనుకోండి. యార్డుకి ఫోన్ చేసి చెప్పేవాడు లేకపోతే యార్డు నుంచి అదే ఎత్తు లోళ్ళు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. సర్వర్ చేసేదీ అదే, అదే సైజు మళ్ళీ మళ్ళీ పంపుతుంది. మీరు టైమౌట్ 100 చేస్తే 100 సెకన్లు పంపుతుంది.

కొన్ని సైట్లు ఆగి ఆగి వస్తున్నాయన్నారు కదా, అదీ ఈ అంచనాకి బలమే. కొన్ని సర్వర్లు కబురు రాకపోయినా అనుమానించి, తమంతట తామే సైజు తగ్గించి చూస్తాయి. ఆర్ఎఫ్‌సీ 4821 పద్ధతి అది, లినక్స్‌లో టీసీపీ ఎంటీయూ ప్రోబింగ్ అనే సెట్టింగ్. అది ఉన్నచోట నెమ్మదిగా అయినా వస్తుంది, లేనిచోట అసలు రాదు.

ఫ్రమ్ లైన్ ఎందుకు బాగుందో కూడా ఇప్పుడు అర్థమై ఉండాలి. బేస్ ఇమేజ్‌ని దింపేది హోస్ట్ మీద నడిచే డాకర్ డీమన్, అది హోస్ట్ దారిలోనే పోతుంది. రన్ లైన్లు నడిచేది కంటైనర్ లోపల. బిల్డ్‌లో నెట్ గొడవ వచ్చినప్పుడల్లా మొదట అడగాల్సింది ఇదే: ఈ లైన్‌లో డౌన్‌లోడ్ చేస్తున్నది ఎవరు, ఏ దారిలో? ప్రాక్సీ సెట్టింగులు కూడా ఇందుకే రెండు చోట్ల పెట్టాలి, డీమన్‌కి ఒకటి, బిల్డ్‌కి ఒకటి.

అంచనా మీద మందు వేయొద్దు. ఇవి చూసి ఇక్కడ పెట్టండి:

హోస్ట్‌లో ఐపీ లింక్ కొట్టి టన్0 (వీపీఎన్ ఇంటర్‌ఫేస్), డాకర్0 (డాకర్ బ్రిడ్జి) రెండిటి ఎంటీయూ చెప్పండి.

తర్వాత టన్0 మీద టీసీపీడంప్ (ప్యాకెట్లని పట్టి చూపే టూల్) పెట్టి సిన్ ప్యాకెట్లు మాత్రమే చూడండి. ఒకసారి హోస్ట్ నుంచి కర్ల్, ఒకసారి కంటైనర్ నుంచి కర్ల్. ప్రతి సిన్ లైన్లో ఎంఎస్ఎస్ అని ఒక అంకె కనిపిస్తుంది. ఆ రెండు అంకెలు కావాలి నాకు.

కంటైనర్లో పింగ్, టీసీపీడంప్ లేవని వేయబోకండి, ఎలాగూ ఆప్ట్ రాదు. ఒక కంటైనర్ని స్లీప్‌తో నడవనిచ్చి, డాకర్ ఇన్‌స్పెక్ట్‌తో దాని పీఐడీ తీసుకుని, సుడో ఎన్ఎస్‌ఎంటర్ -టీ పీఐడీ -ఎన్ తర్వాత మీ హోస్ట్ పింగ్ కమాండ్ రాయండి. టూల్ హోస్ట్‌ది, నెట్‌వర్క్ కంటైనర్‌ది అవుతుంది. పింగ్ -ఎం డూ -ఎస్ 1472 అని రిజిస్ట్రీ ఐపీకి కొట్టండి. 1472కి ఐపీ, ఐసీఎంపీ హెడర్ల 28 కలిపితే 1500.

బ్రాడీపేట బ్యాకెండ్

మాస్టారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా చాలా థాంక్స్. మీరడిగినవి ఇవిగో.

టన్0 ఎంటీయూ 1400. డాకర్0 ఎంటీయూ 1500.

టీసీపీడంప్‌లో హోస్ట్ కర్ల్ సిన్: ఎంఎస్ఎస్ 1360. కంటైనర్ కర్ల్ సిన్: ఎంఎస్ఎస్ 1460. సర్వర్ ఒకటే, కేబుల్ ఒకటే, రెండు లైన్లలో తేడా ఆ ఒక్క అంకె.

ఎన్ఎస్‌ఎంటర్ సంగతి నాకు కొత్త, ఎంత పనికొచ్చిందో చెప్పలేను. పింగ్‌కి ఇలా వచ్చింది: "172.17.0.1 నుంచి, ఫ్రాగ్ నీడెడ్ అండ్ డీఎఫ్ సెట్, ఎంటీయూ = 1400". సైజు 1372 చేస్తే పింగ్ మామూలుగా వెళ్ళి వచ్చింది.

ఇక్కడ ఒక అనుమానం. 172.17.0.1 అంటే నా ల్యాప్‌టాప్ డాకర్ బ్రిడ్జే కదండీ. అంటే కబురు కంటైనర్‌కి చేరుతోందిగా? మరి ఎందుకు ఆగుతోంది?

కానూరు తమ్ముడూ, --నెట్‌వర్క్=హోస్ట్ పెడితే బ్యాకెండ్ బిల్డ్ పూర్తిగా అయింది. ఈ రోజు డెమో నీ వల్లే గట్టెక్కింది, థాంక్యూ.

గవర్నర్‌పేట నెట్‌వర్క్స్

అనుమానం సరైన చోటే వచ్చింది. మీరు పింగ్ చేసి చూసింది బయటికి పోయే దారి. కంటైనర్ పెద్ద ప్యాకెట్ పంపితే టన్0లో పట్టలేదని చెప్పేది మీ హోస్టే, ఆ కబురు ఇంట్లో కబురు, ఎవరూ ఆపరు. డౌన్‌లోడ్ అంటే లోపలికి వచ్చే దారి. అక్కడ పట్టలేదని చెప్పాల్సింది అవతలి గేట్‌వే, వినాల్సింది రిజిస్ట్రీ సర్వర్. ఆ ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో మీ ల్యాప్‌టాప్ నుంచి కనిపించదు. కానీ 1360కి వస్తోంది, 1460కి రావడం లేదు. నాకు ఈ రుజువు చాలు.

సరిచేసే దారులు చెబుతాను.

మీకు సరిపడేది డీమన్ జేసన్. ఈటీసీ డాకర్ ఫోల్డర్లో ఉంటుంది. అందులో ఎంటీయూ అనే కీ, విలువ 1400, కోట్స్ లేకుండా అంకెగా. డాకర్ రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ అయ్యాక ఐపీ లింక్‌లో డాకర్0 ఇంకా 1500 అనే చూపిస్తే కంగారుపడొద్దు, ఏ కంటైనరూ తగిలించకుండా ఖాళీగా ఉన్నప్పుడు కొన్ని వెర్షన్లలో అలాగే కనిపిస్తుంది. ఒక బిజీబాక్స్ కంటైనర్ లేపి దాని లోపల ఈటీహెచ్0 ఎంటీయూ చూడండి, అక్కడ 1400 ఉంటే చాలు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. ఆ కీ పనిచేసేది డిఫాల్ట్ బ్రిడ్జికి మాత్రమే. కంపోజ్ (చాలా కంటైనర్లని కలిపి నడిపే డాకర్ టూల్) అప్ కొట్టినప్పుడు కంపోజ్ సొంతంగా ఒక నెట్‌వర్క్ కడుతుంది, దానికి ఈ కీ వర్తించదు. బిల్డ్ అయిపోతుంది, హమ్మయ్య అనుకుంటారు, తీరా అప్లికేషన్ నడిచేటప్పుడు లోపలి ఏపీఐని పిలిస్తే మళ్ళీ అదే నిశ్శబ్దం. కంపోజ్ ఫైల్లో నెట్‌వర్క్స్ కింద డ్రైవర్ ఆప్ట్స్‌లో కామ్ డాకర్ నెట్‌వర్క్ డ్రైవర్ ఎంటీయూ అని చుక్కలతో రాసే కీ ఉంది, దానికి 1400 ఇవ్వాలి. మీరు టీమ్ ఫైళ్ళు ముట్టుకోనన్నారు కాబట్టి, కొత్త డాకర్ వెర్షన్లలో డీమన్ జేసన్‌లోనే డిఫాల్ట్ నెట్‌వర్క్ ఆప్ట్స్ అని ఉంది, అక్కడ బ్రిడ్జ్ కింద ఇదే కీ పెడితే ఇక మీదట కట్టే నెట్‌వర్క్‌లన్నిటికీ వస్తుంది. ఇక మీదట కట్టేవాటికే సుమా. ఇప్పటికే ఉన్నవాటిని కంపోజ్ డౌన్ చేసి మళ్ళీ లేపాలి.

రెండో దారి ఐపీటేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్ రూల్స్). మ్యాంగిల్ టేబుల్లో ఫార్వర్డ్ చెయిన్ మీద, సిన్ ప్యాకెట్లకి టీసీపీఎంఎస్ఎస్ టార్గెట్, క్లాంప్ ఎంఎస్ఎస్ టు పీఎంటీయూ. హోస్ట్ దాటి పోయే ప్రతి సిన్‌లో 1460ని దారికి తగ్గట్టు దిద్దేస్తుంది. నెట్‌వర్క్ ఏదైనా ఒక్క రూల్‌తో అయిపోతుంది, వీపీఎన్ ఎంటీయూ రేపు మారినా దానికదే సర్దుకుంటుంది. టీసీపీకి మాత్రమే, పైగా రీబూట్ అయితే పోతుంది, నిలబెట్టే ఏర్పాటు మీరే చేసుకోవాలి.

--నెట్‌వర్క్=హోస్ట్ తాత్కాలికానికి వాడుకోండి, అలవాటు చేసుకోవద్దు. బిల్డ్‌లో నడిచే ప్రతి ప్యాకేజీ ఇన్‌స్టాల్ స్క్రిప్టుకీ మీ ల్యాప్‌టాప్‌లో లోకల్‌హోస్ట్ మీద నడిచే డేటాబేస్ కూడా అందుబాటులోకి వస్తుంది. రైతుల బాండ్ల డేటా ఉన్న మెషీన్ మీద నేనైతే అలా వదలను.

అసలు మందు క్లయింట్ చేతిలో ఉంది. వాళ్ళ నెట్‌వర్క్ టీమ్‌కి మీ రెండు సిన్ లైన్లు జతచేసి ఒక మెయిల్ పెట్టండి: గేట్‌వే దగ్గర ఐసీఎంపీ టైప్ 3 కోడ్ 4ని వదలండి, లేదా గేట్‌వే మీదే ఎంఎస్ఎస్ క్లాంప్ పెట్టండి అని. "నెట్ స్లోగా ఉంది" అని రాస్తే టికెట్ మూసేస్తారు. అంకెలు రాస్తే చూస్తారు.

మంగళగిరి డెవ్‌ఆప్స్

ఈ థ్రెడ్ మా టీమ్ గ్రూపులో పెట్టాను. గవర్నర్‌పేట గారు చెప్పినదానికి సీఐ (కోడ్‌ని దానికదే బిల్డ్, టెస్ట్ చేసే పైప్‌లైన్) వైపు నుంచి కాస్త కలుపుతాను, ఎందుకంటే ల్యాప్‌టాప్‌లో సరైన తర్వాత ఇదే తలనొప్పి పైప్‌లైన్లో ఎదురవుతుంది.

మా రన్నర్లు (ఆ బిల్డ్‌లు నడిపే ప్రోగ్రాములు) కూబర్‌నెటీస్ పాడ్లలో, అంటే అది నడిపే కంటైనర్ల గుంపుల్లో నడుస్తాయి, పాడ్ లోపల మళ్ళీ డాకర్ నడుస్తుంది. పాడ్ నెట్‌వర్క్ వీఎక్స్‌ల్యాన్ (ప్యాకెట్ మీద ఇంకో పొర హెడర్లు ఎక్కించే పద్ధతి) మీద ఉంది కాబట్టి ఎంటీయూ 1450. లోపలి డాకర్ మాత్రం 1500 అనుకుంటుంది. అక్కడ వీపీఎన్ లేకపోయినా ఆల్పైన్ ప్యాకేజీలు దింపే లైను దగ్గరే బిల్డ్ నిలబడిపోయేది. లోపలి డాకర్ డీమన్‌కి స్టార్ట్ చేసేటప్పుడే --ఎంటీయూ=1450 అని ఇస్తే పోయింది. కొన్ని క్లౌడ్ల వర్చువల్ మెషీన్లలో డిఫాల్ట్ 1460 ఉంటుంది, అక్కడా ఇదే చూసుకోవాలి. బిల్డ్‌ఎక్స్‌తో వేరే బిల్డర్ కంటైనర్ పెట్టుకున్నవాళ్ళు డీమన్ సెట్టింగ్ మార్చాక పాత బిల్డర్‌ని తీసేసి కొత్తది సృష్టించుకోండి, అనుమానం మిగలదు.

ఇంకో మాట, బ్రాడీపేట గారూ. మీ క్లయింట్ వీపీఎన్‌లో ట్రాఫిక్‌ని విప్పి చూసే పెట్టె ఏదైనా ఉంటే, ఎంటీయూ సరయ్యాక వెంటనే సర్టిఫికెట్ ఎర్రర్ బయటపడొచ్చు. ఇంతవరకు హ్యాండ్‌షేక్ అక్కడి దాకా రాలేదు కాబట్టి అది కనిపించలేదు. అప్పుడు ఎవరో ఒకరు స్ట్రిక్ట్ ఎస్ఎస్ఎల్ ఫాల్స్ పెట్టు, పిప్‌కి ట్రస్టెడ్ హోస్ట్ పెట్టు అంటారు. దయచేసి పెట్టొద్దు. ఆ రెండూ పెడితే మధ్యలో ఎవరు ఏ ప్యాకేజీ మార్చి ఇచ్చినా కళ్ళు మూసుకుని వేసుకున్నట్టే. క్లయింట్ రూట్ సర్టిఫికెట్ అడిగి తీసుకుని డెబియన్ ఇమేజ్‌లో సీఏ సర్టిఫికెట్ల ఫోల్డర్లో సీఆర్‌టీ ఎక్స్‌టెన్షన్‌తో పెట్టి అప్‌డేట్ చేయండి. నోడ్ దాన్ని తనంతట చూసుకోదు, దానికి నోడ్ ఎక్స్‌ట్రా సీఏ సర్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇవ్వాలి. పిప్‌కి పిప్ సర్ట్.

ఇక నెట్ బాగున్నా సరే, ప్రతి బిల్డ్‌కీ అన్నీ మళ్ళీ దింపుకోవడం దేనికి? రన్ లైన్లో మౌంట్ టైప్ క్యాష్ పెట్టి పిప్ క్యాష్ ఫోల్డర్‌ని, ఎన్‌పీఎం క్యాష్ ఫోల్డర్‌ని నిలబెట్టుకోండి. ప్యాకేజీ జేసన్, లాక్ ఫైల్ ముందు కాపీ చేసి, ఇన్‌స్టాల్ అయ్యాకే మిగతా కోడ్ కాపీ చేయండి. బిల్డ్ మధ్యలో కరెంటు పోయి రౌటర్ ఆగిపోయినా అప్పటిదాకా దిగినవి క్యాష్‌లో ఉంటాయి. ఇది టీమ్ అందరికీ మేలు చేసే మార్పు కాబట్టి డాకర్‌ఫైల్లో పెట్టడానికి మీకూ అభ్యంతరం ఉండదనుకుంటా.

కానూరు కుర్రోడు

మేడమ్, ఒక చిన్న డౌట్. మా హాస్టల్లో అందరికీ బయటికి ఒకే ఐపీ. ఫ్రమ్ లైన్ దగ్గరే 429, టూ మెనీ రిక్వెస్ట్స్ అని వస్తుంటుంది. ఇదీ ఎంటీయూనేనా?

మంగళగిరి డెవ్‌ఆప్స్

కాదు తమ్ముడూ. 429 అంటే సర్వర్ నీతో శుభ్రంగా మాట్లాడి, కోటా అయిపోయింది అని చెప్పడం. డాకర్ హబ్ 2020 నవంబర్ నుంచి పుల్స్‌కి పరిమితి పెట్టింది, లాగిన్ కానివాళ్ళని ఐపీ అడ్రస్‌ని బట్టి లెక్కిస్తుంది. హాస్టల్ అంతా ఒకే ఐపీ అయితే అందరి లెక్కా ఒక ఖాతాలోనే పడుతుంది. ఉచిత అకౌంట్ తెరిచి డాకర్ లాగిన్ చెయ్యి, నీ లెక్క నీకే ఉంటుంది. అలాగే ఆప్ట్ 404 ఇస్తే అదీ లైను గొడవ కాదు. పాత లేయర్‌లో ఉండిపోయిన ప్యాకేజీ జాబితా వల్ల వస్తుంది. అప్‌డేట్, ఇన్‌స్టాల్ రెండూ ఒకే రన్ లైన్లో ఉండాలి.

బ్రాడీపేట బ్యాకెండ్

అయింది అండీ! డీమన్ జేసన్‌లో రెండు కీలూ పెట్టాను, పాత కంపోజ్ నెట్‌వర్క్ తీసేసి మళ్ళీ లేపాను. కంటైనర్ లోపల ఈటీహెచ్0 1400 చూపిస్తోంది. టీసీపీడంప్‌లో కంటైనర్ సిన్ ఇప్పుడు ఎంఎస్ఎస్ 1360. వీపీఎన్ ఆన్‌లోనే, హోస్ట్ నెట్‌వర్క్ లేకుండానే, పిప్, ఎన్‌పీఎం, ఆప్ట్ ఎక్కడా ఆగలేదు. కంపోజ్ సంగతి మీరు ముందే చెప్పకపోతే స్టేజింగ్ టెస్టులో కచ్చితంగా ఇరుక్కునేవాళ్ళం, మా అప్లికేషన్ బాండ్ ప్రింట్ చేసే ముందు క్లయింట్ ఏపీఐనే పిలుస్తుంది.

మేడమ్ గారూ, పిప్ వైపు సర్టిఫికెట్ ఎర్రర్ ఏదీ రాలేదు కానీ మీరు అన్నట్టే క్లయింట్ రిజిస్ట్రీకి వచ్చింది. వాళ్ళ రూట్ సర్టిఫికెట్ అడిగి పెట్టాను, నోడ్‌కి వేరియబుల్ ఇచ్చాను, పోయింది. క్యాష్ మౌంట్ మార్పు టీమ్ రివ్యూకి పెట్టాను.

క్లయింట్ నెట్‌వర్క్ టీమ్‌కి రెండు సిన్ లైన్లతో మెయిల్ వెళ్ళింది. ఐసీఎంపీ తెరవడానికి వాళ్ళ సెక్యూరిటీ వాళ్ళ అనుమతి కావాలట, గేట్‌వే మీద ఎంఎస్ఎస్ క్లాంప్ అయితే వాళ్ళే పెట్టగలమన్నారు.

చివరిగా ఒక్కటి. వీపీఎన్ ఆపేసి వేరే ప్రాజెక్టులు చేసుకునేటప్పుడు కూడా ఈ 1400 అలాగే ఉంటుంది కదా, స్పీడు తగ్గుతుందా? ప్రతిసారీ మార్చుకోవాలా?

గవర్నర్‌పేట నెట్‌వర్క్స్

మార్చనక్కర్లేదు, అలాగే ఉంచండి. 1500 ప్యాకెట్లో హెడర్లకి పోయేది 40, అంటే 2.7 శాతం. 1400లో అదే 40, 2.9 శాతం. ఇంటి నెట్ మీద ఆ తేడా మీ కంటికి ఆనదు.

క్లాంప్ చాలు, పెట్టమనండి. వాళ్ళు పెట్టాక మీరు డీమన్ జేసన్ తీసేసి ఒకసారి పరీక్షించి వాళ్ళకి చెప్పండి, మీ టీమ్‌లో మిగతావాళ్ళు ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేకుండా పోతుంది. ఎవరైనా "ఇంకా తగ్గిస్తే ఇంకా సేఫ్" అని 1200, 1000 పెట్టమంటే మాత్రం వినొద్దు. ఐపీవీ6కి కనీసం 1280 ఉండి తీరాలి, అంతకంటే తగ్గిస్తే ఆ ఇంటర్‌ఫేస్ మీద ఐపీవీ6 పనిచేయదు.